మొదటి పెట్టె ఎక్కడుండాలి

కంపెనీ పెట్టాలనుకోగానే మా బావ అన్నిటికంటే ముందు చేయించింది బల్ల. ఏం తయారుచేస్తారు, ఎవరికి అమ్ముతారు అన్నవి ఇంకా తేలలేదు. బల్ల కొలతలు మాత్రం తేలిపోయాయి. నేను వడ్రంగిని. ఊరి నుంచి పనిముట్ల సంచీతో బస్సు దిగి వచ్చేసరికి, ఆయన గది మధ్యలో రెండు చేతులూ బార్లా చాపి నిలబడి ఉన్నాడు.

"ఇంత ఉండాలోయ్ బావమరిదీ. అవతల కూర్చున్నవాడికి నేను కాస్త దూరంగా కనపడాలి."

"ఎందుకు బావా?"

"దగ్గరగా ఉంటే చనువు తీసుకుంటారు."

బల్ల కాళ్లకు చక్రాలు కూడా పెట్టమన్నాడు. పొద్దున ఒక కిటికీలోంచి, సాయంత్రం ఇంకో కిటికీలోంచి గదిలోకి ఎండ వస్తుందట. ఎండ మొహాన పడితే డైరెక్టరు కళ్లు చికిలించాల్సి వస్తుంది. కళ్లు చికిలించేవాణ్ణి జనం నమ్మరు. ఇదంతా ఆయన బాగా ఆలోచించి పెట్టుకున్నాడు. చక్రాలు పెట్టమన్నాడు, పెట్టాను.

ఆ గది టైర్లు బాగుచేసే షాపు మీద ఉంది. కింద గాలి మిషను బుసకొట్టినప్పుడల్లా పైన కిటికీ అద్దాలు వణుకుతాయి. రబ్బరు వాసన గోడల్లోకి ఇంకిపోయింది. అంతకుముందు మా అక్క అక్కడ కుట్టు స్కూలు నడిపేది. బావ దాన్ని మూసెయ్యమని అనలేదు. "ఈ గదికి ఇంతకంటే పెద్ద పని రాసిపెట్టి ఉంది" అన్నాడంతే. కుట్టు నేర్చుకునే ఆడపిల్లల్ని అక్క వేరేచోట చేర్పించి, మిషన్లన్నీ ఒక మూలకి నెట్టి దుప్పట్లు కప్పింది. కొలతలు చూసుకునే నిలువుటద్దాలు మాత్రం గోడకే ఉండిపోయాయి. బావకి అవి నచ్చాయి. మాట్లాడేటప్పుడు ఎదుటివాణ్ణి కాకుండా అద్దంలోకి చూసేవాడు.

బావ అంతకుముందు నీటి ఫిల్టర్లు అమ్మాడు. దానికి ముందు, పడుకుంటే చాలు నడుంనొప్పి పోతుందనే పరుపులు అమ్మాడు. ఆ పరుపొకటి వాళ్లింట్లో మిగిలిపోయింది. దాని మీద పడుకుని మా అక్క నడుంనొప్పి తెచ్చుకుంది.

ఆయనకో సలహాదారు ఉన్నాడు. పూర్వం బీమా చేయించే ఏజెంటు. ఏ సంగతి ఎత్తినా "స్థూలంగా చూస్తే" అని మొదలుపెట్టి, అక్కడే ఆగి, తల పంకించేవాడు. సూక్ష్మంగా చూడటం ఆయన జన్మలో ఎరగడు. అక్క ఆయనకి స్థూలంగారు అని పేరు పెట్టింది. ఆయన దాన్ని గౌరవమే అనుకున్నాడు.

ఇక అసలు పని చేసింది మా మేనకోడలు. బావకూతురే. వైర్‌లెస్ ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో పనిచేసేది. ఈ పని ఆమెకి ఎలా పట్టుకుందంటే, ఒకసారి మా అక్క మెట్ల మీద జారి మడమ విరగ్గొట్టుకుంది. పెద్దాస్పత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే గది ఎక్కడో ఆ చివర ఉంది. చక్రాల కుర్చీ కావాలి. "బోలెడున్నాయమ్మా, ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదంతే" అని చెప్పి వార్డు మనిషి వెళ్లిపోయాడు. అక్క బెంచీ మీద పళ్లు కరుచుకుని కూర్చుంది. నేను నిలబడ్డాను. మేనకోడలు వెతకడానికి వెళ్లింది. చివరికి ఉతికిన దుప్పట్లు పెట్టే గదిలో, దుప్పట్ల దొంతర వెనక, పైన ఒక దుప్పటి కప్పి ఉన్న కుర్చీ దొరికింది. ఆ వార్డు నర్సులు తమ రోగుల కోసం దాచుకున్నారు. ఇంకో వార్డువాళ్లు స్నానాల గదిలో దాచుకుంటారు. అందరూ దాచుకుంటారు కాబట్టి ఎవరికీ దొరకదు.

అప్పటినుంచి మేనకోడలు ఇంటికొచ్చి ఏవో సన్నటి తీగలు అతుకుతూ కూర్చునేది. చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద బిళ్ల ఒకటి తయారుచేసింది. తర్వాత, సబ్బు పెట్టెలంత పెట్టెలు చేసింది.

"ఈ బిళ్ల ఊరికే కూతలు పెడుతూ ఉంటుంది మామయ్యా. మనకి వినపడదు. గోడల మీద పెట్టెలు వింటాయి. ఏ పెట్టెకి ముందు వినపడింది, దేనికి ఆలస్యంగా వినపడింది అన్నది చూసి, కూత ఎక్కణ్ణుంచి వచ్చిందో లెక్క కడతాం."

"చీకట్లో దూడ అరిస్తే ఎటుందో తెలిసినట్టు."

"అంతే. నాన్నకి ఇలా ఒక్క ముక్కలో అర్థమైతే ఎంత బాగుండేది."

బావకి అర్థం కావలసిన అవసరం రాలేదు. గడ్డం గీసుకుంటుండగా ఈ ఆలోచన తనకే తట్టిందని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. మొదట్లో ఒక చెంప గీసుకున్నాక తట్టిందనేవాడు. తర్వాత్తర్వాత రెండో చెంప సంగతి కూడా కలిపాడు. కూతురు పక్కనే కూర్చుని తీగలు అతుకుతూ వినేది. కంపెనీకి నోరు తిరగని పేరొకటి పెట్టాడు. దాని అర్థమేంటని అడిగితే, "అర్థం ఉండకూడదోయ్, అదే ఇప్పటి పద్ధతి" అన్నాడు.

మేనకోడలు గది నాలుగు మూలలా పెట్టెలు బిగించే రోజున గొడవైంది.

"ఇది మొదటి పెట్టె నాన్నా. దీన్ని సున్నా అనుకుంటాం. అన్ని దూరాలూ దీన్నుంచే కొలుస్తాం. ఇది కదలకూడదు. ఈ మూల గోడకి కొట్టేస్తాను."

బావ చెవిలో "కదలకూడదు" అన్న మాట పడలేదు. అంతకు ముందు మాటలు పడ్డాయి.

"అన్ని దూరాలూ దీన్నుంచేనా?"

"అవును."

"మొదటిది?"

"అవును నాన్నా."

"అయితే అది నా బల్లకే ఉండాలి."

"గోడకుండాలి."

"గోడ ఏమన్నా కంపెనీకి డైరెక్టరా?" అని అద్దంలోకి చూశాడు.

స్థూలంగారు తల పంకించాడు. "స్థూలంగా చూస్తే, సంస్థకి కేంద్రం ఎక్కడో సున్నా అక్కడే ఉండాలమ్మా."

"ఆయన సున్నా అని మీరూ ఒప్పుకుంటున్నారన్నమాట" అంది అక్క, మూల నుంచి.

బావ మూతి ముడుచుకున్నాడు. పెట్టె తన బల్లకి బిగిస్తేగాని మిగతావి బిగించనివ్వనన్నాడు. ఆ రోజంతా అలిగి కుర్చీలో కూర్చున్నాడు. చివరికి మేనకోడలు విసిగిపోయి, బల్ల పలక కింద పెట్టె బిగించి, నాలుగు చక్రాల చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీతలు గీసింది.

"బల్ల ఈ గీతలు దాటకూడదు నాన్నా. జానెడు జరిగినా మొత్తం చెడుతుంది."

"నాకేం చెబుతావే, నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

చిన్నపిల్లలయితే చెప్పింది వింటారు. ఆ మాట నేను పైకి అనలేదు.

కొన్నాళ్లు బల్ల కదల్లేదు. ఎండ పడితే బావ తానే మొహం పక్కకి తిప్పుకునేవాడు. ఈలోగా ఆయనకో మనిషి తగిలాడు. ఇళ్లు కట్టే కాంట్రాక్టరు. బంగారు రంగు గడియారం, నోట్లో పుల్ల. చక్రాల కుర్చీల సంగతి అతనికి పట్టలేదు. పనివాళ్ల మెడల్లో ఈ బిళ్లలు వేలాడదీస్తే, ఎవరు ఎంతసేపు గోడ కట్టారో, ఎంతసేపు దొడ్డికి వెళ్లి కూర్చున్నారో తెలుస్తుందా అని అడిగాడు. తెలుస్తుందన్నాడు బావ. అతను వెళ్లాక బావ బల్ల చుట్టూ తిరిగాడు, కుర్చీలో కూర్చుని గిరగిరా తిరిగాడు.

"మనుషులండీ! కుర్చీలు ఎన్నుంటాయి ఆస్పత్రిలో? మనుషులైతే ఎన్ని మెడలు!" అన్నాడు స్థూలంగారితో.

మేనకోడలు తీగలు అతికే వేడి కడ్డీని పక్కన పెట్టింది. "నా బిళ్ల మనిషి మెడకి కట్టను నాన్నా."

"నీ బిళ్లేంటి? కంపెనీ బిళ్ల."

"ఏదైనా సరే, కట్టను. తాతయ్య ఇసుక మోసినవాడే కదా. ఆయన మెడలో వేసేవాడివా?"

బావ తండ్రి కూలిపని చేసినవాడన్నది నిజమే. ఆ సంగతి బావ తన గురించి చెప్పుకునే కథలో ఎక్కడా ఉండదు. ఆయన అద్దం వైపు తిరిగి చొక్కా సర్దుకున్నాడు. తర్వాత పెద్దమనిషి గొంతు పెట్టాడు.

"సరే. ఆ పెద్దాస్పత్రిలో సామాన్ల స్టోరు చూసే ఆవిడ ఉందన్నావుగా, ఆవిణ్ణి పిలిపించు. వచ్చి చూసి, సరే మా దగ్గర పెట్టి చూద్దాం అంటే ఆస్పత్రి. అనకపోతే కాంట్రాక్టరు. ఆ తర్వాత నువ్వు నోరెత్తకూడదు. ఒప్పుకుంటావా?"

ఆమె తండ్రి మొహంలోకి సూటిగా చూసింది. "ఒప్పుకుంటాను" అంది.

అక్క ఆ మాటకి కుట్టు సూదిని చీర అంచుకి గుచ్చుకుని తలెత్తింది. 

స్టోరు మేడమ్ వచ్చే రోజున నన్నూ రమ్మన్నారు. అద్దెకి తెచ్చిన చక్రాల కుర్చీని పైకి మొయ్యడానికి. మేనకోడలు ఎదురెళ్లి ఆవిణ్ణి తీసుకొచ్చింది. వెనక నేను కుర్చీ నెత్తినెట్టుకుని మెట్లెక్కాను. ఆవిడ భారీ మనిషి. ఒకప్పుడు నర్సట. ఒక్కో మెట్టూ నమ్మకం కుదిరాకే ఎక్కింది. గదిలోకొచ్చి, ఊపిరి తీసుకుని, చుట్టూ చూసింది.

మేనకోడలు కూడా చూసింది. చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

బల్ల గదికి ఆ చివర ఉంది.

ఆ పొద్దున్నే బావ, స్థూలంగారు కలిసి దాన్ని అటు నెట్టారు. కంపెనీ పేరు రాయించిన కొత్త బోర్డు ఆ గోడకి తగిలించారు. వచ్చినావిడకి తన తల వెనక ఆ పేరు కనపడాలని బావ కోరిక. నేల కూడా తడిగుడ్డ పెట్టి తుడిచారు. సుద్ద గీతలు లేవు. ఆయన జీవితంలో గది తుడవడం అదే మొదటిసారి అనుకుంటాను.

"నాన్నా, బల్ల..."

"తర్వాత" అన్నాడు బావ నవ్వుతూ, పళ్ల సందున.

"పెట్టె..."

"పెట్టె ఎక్కడికీ పోలేదు. నా బల్ల కిందే ఉంది. దాని చోటులో అది ఉంది. నువ్వెళ్లి కంప్యూటరు దగ్గర కూర్చో."

ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. పెట్టె బల్లతోపాటే వచ్చింది కదా, మరి ఇంకేం చెడింది అని. తను ఎక్కడుంటే సున్నా అక్కడే ఉంటుందని ఆయన మనసులో గట్టిగా నాటుకుపోయింది. ఆ మనిషికి ఇంక ఏ భాషలో చెప్పినా లాభం లేదు.

మేడమ్‌ని కూర్చోబెట్టి బావ మొదలుపెట్టాడు. గడ్డం గీసుకోవడం, మొదటి చెంప, రెండో చెంప, అన్నీ వచ్చాయి. మనిషి ఆదినుంచీ దేన్నో వెతుక్కుంటూనే ఉన్నాడన్నాడు. ఇక మీదట వెతకడమన్న మాటే నిఘంటువులోంచి కొట్టేస్తామన్నాడు. మేడమ్ వింటూ, మధ్యమధ్య మిషన్ల మీది దుప్పట్ల వైపు చూస్తూ ఉంది. కింద గాలి మిషను బుస్సుమంది. బావ ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ బుస్సుమంది.

"కుర్చీ చూపిస్తారా?" అంది మేడమ్.

చక్రాల కుర్చీకి ఒక బిళ్ల అంటించారు. ఆవిడ చేతికి ఇంకో బిళ్ల ఇచ్చారు. గోడ మీద పెద్ద టీవీలో గది పటం వెలిగింది. నాలుగు గోడలు, తలుపు, కిటికీలు, కింద వీధి. మేనకోడలు కళ్లు మూసుకుని మీట నొక్కింది.

చక్రాల కుర్చీని చూపించే చుక్క గోడ అవతల గాల్లో ఉంది. మేడమ్ చుక్క నడివీధిలో ఉంది.

"నేను రోడ్డు మీదున్నానా?" అంది ఆవిడ.

"లారీ రాకముందే పక్కకి జరగండి మేడమ్" అంది అక్క.

ఆవిడ నిజంగానే నవ్వు ఆపుకుని రెండడుగులు పక్కకి వేసింది. టీవీలో చుక్క కూడా రెండడుగులు వేసి, ఎదుటి క్షౌరశాలలోకి వెళ్లింది.

స్థూలంగారు గొంతు సవరించుకున్నాడు. "స్థూలంగా చూస్తే, వీధి మాత్రం మన వీధే చూపిస్తోంది."

బావ మొహాన చెమట పట్టింది. కాని ఆయనలాంటివాళ్లకి చెమట పట్టినప్పుడే మాటలు బాగా వస్తాయి. "అమ్మాయి ఇంకా నేర్చుకుంటోంది మేడమ్. చిన్నతనం. తొందరపాటు. ఎన్నిసార్లు చెప్పినా సరిగ్గా బిగించదు. నేను తర్వాత మందలిస్తాను" అన్నాడు. అని, కూతురి వైపు ఒక చూపు చూశాడు. నోరు మూసుకోమన్న చూపు అది. గదిలో అందరం చూశాం.

ఆమె నోరు మూసుకుంటే స్టోరు మేడమ్ వెళ్లిపోతుంది. బిళ్లలు కూలివాళ్ల మెడల్లోకి పోతాయి. తెరిస్తే, బయటి మనిషి ముందు తండ్రి పరువు పోతుంది. ఆ పరువులో ఏముందో నాకైతే తెలీదు. ఆమెకి తండ్రి కదా.  మేడమ్ సంచీ తీసుకుని గుమ్మం వైపు అడుగేసింది.

"బిగించింది సరిగ్గానే బిగించానండీ" అంది మేనకోడలు. "బల్లని నాన్న జరిపారు. సున్నా బల్ల కింద ఉంది. ఇవాళ పొద్దున జరిపారు."

మేడమ్ బావ వైపు తిరిగింది. "మీరు జరిపారా?"

"బల్ల జరిపితే ఏమవుతుందండీ? ప్రపంచం జరుగుతుందా?"

"జరిగింది కదా. నేను మంగలి షాపులో ఉన్నాను."

బావ ఇంకేదో అనేలోపల మేనకోడలు లేచింది. "మామయ్యా, స్క్రూడ్రైవరు. గోడకి బిగించాలి." నా సంచీ విప్పాను. ఆమె బల్ల కిందికి దూరింది. బావ బూట్లు అడ్డంగా ఉన్నాయి. "కాళ్లెత్తు నాన్నా" అంది కిందినుంచి. ఆయన ఎత్తాడు. నా జన్మలో ఆ మనిషి ఎవరో చెప్పగానే చేసిన పని అదొక్కటే చూశాను. కాళ్లు గాల్లో పెట్టుకుని, వెనక కంపెనీ పేరు వెలుగుతుండగా, డైరెక్టరు అలా కూర్చుని ఉన్నాడు.

నేను మూల గోడకి రంధ్రం చేశాను. అక్క మెడలోంచి కొలత టేపు తీసి ఇచ్చింది. బట్టలు కొలిచే టేపే. తల్లీ కూతురూ గోడలు కొలిచారు. మేనకోడలు ఆ కొలతలు కంప్యూటరుకి చెప్పింది. టీవీలో కుర్చీ గోడలోంచి గదిలోకి వచ్చింది. మేడమ్ చుక్క మేడమ్ నిలబడ్డచోటే ఆగింది.

ఆవిడ ఇంకా నమ్మలేదు. అదే నాకు నచ్చింది. అందర్నీ మెట్ల మీదికి పొమ్మంది. బావ కూడా మాతోపాటు మెట్ల మీద నిలబడాల్సి వచ్చింది. లోపలినుంచి చక్రాల చప్పుడు వినపడింది. తర్వాత పిలిచింది. కుర్చీ ఎక్కడా లేదు. టీవీలో చూస్తే చుక్క మూలన, మిషన్ల దగ్గర ఉంది. అక్క వెళ్లి ఒక దుప్పటి లాగింది. కింద కుర్చీ.

"దుప్పటి కప్పానే" అంది మేడమ్.

"దుప్పటికి కూత ఆగదండీ" అంది మేనకోడలు.

అప్పుడు ఆవిడ మొదటిసారి కుర్చీలో స్థిమితంగా కూర్చుంది. "ముప్పై ఏళ్లుగా ఆ దుప్పట్ల కింద చేతులు పెట్టి వెతుకుతున్నానమ్మాయ్" అంది. తర్వాత అడిగింది, "రేపు మా దగ్గర ఇది చెడిందనుకో. ఎవర్ని అడగాలి నేను?"

"నన్ను" అన్నాడు బావ ఠక్కున. "డైరెక్టర్ని నేనే. ఏ విషయమైనా నా బల్ల దగ్గరికే రావాలి."

"మీరు ఏది ఎక్కడ ఉండాలంటే అక్కడ ఉంటుందా ఈ ఆఫీసులో?"

"మరి!"

ఆవిడ సంచీ జిప్పు వేసింది. "అయితే వద్దులెండి. మా దగ్గర డాక్టర్లున్నారు. వాళ్లూ ఇంతే. ఇంకొకరిని భరించలేను."

బావ ఎర్రబడ్డాడు. అక్కడ ఆయన ఒక్క మాట తగ్గితే సరిపోయేది. సరేనండీ, మా అమ్మాయిని అడగండి అంటే చాలు, ఆస్పత్రి దక్కేది. ఆయన తగ్గలేదు. "మాకేం కొదవలేదండీ. పెద్దపెద్ద కాంట్రాక్టర్లు క్యూలో ఉన్నారు" అన్నాడు. తన కుర్చీ కోసం కూతురి పనిని చెత్తబుట్టలో వెయ్యడానికి ఆయనకి రెప్పపాటు కూడా పట్టలేదు.

"నన్నడగండి మేడమ్" అంది మేనకోడలు.

"నువ్వెవరివే?" అన్నాడు బావ.

"చేసినదాన్ని."

"నా కంపెనీలో..."

"నీ కంపెనీ నీ దగ్గరే ఉంచుకో నాన్నా. పేరుంది, బోర్డుంది, బల్లుంది. బిళ్లలు ఎలా చెయ్యాలో నా చేతుల్లో ఉంది. నీకు మాటలున్నాయి. మెడల్లో వేలాడదియ్యడానికి కాంట్రాక్టరుకి అవి పనికొస్తాయేమో అడుగు."

బావ అక్క వైపు తిరిగాడు. "చూశావా నీ కూతురు? విన్నావా?"

అక్క దుప్పటి మడత పెడుతోంది. "విన్నానండీ. గది నా పేరున తీసుకున్నది. ఇందాకటినుంచీ ఆలోచిస్తున్నాను, ఆ బల్ల తలుపులోంచి పడుతుందా అని. ఒరే తమ్ముడూ, పడుతుందంటావా?"

"కాళ్లు విప్పితే పడుతుంది" అన్నాను.

ఆ రోజు నేను మాట్లాడిన పెద్ద మాట అదే.

స్థూలంగారు టోపీ తీసుకుని, స్థూలంగా చూస్తే తనకి వేరే పనుందని చెప్పి దిగిపోయాడు. మేడమ్, మేనకోడలు ఎప్పుడు మొదలుపెట్టాలి, ముందు ఏ వార్డుతో అని మాట్లాడుకోసాగారు. బావ కాసేపు బల్ల వెనక కూర్చుని, ఎవరైనా తనని బతిమాలతారేమోనని చూశాడు. ఎవరూ బతిమాలలేదు. కాంట్రాక్టరుకి ఫోన్ చేశాడు. అతను బిళ్లలు ఎక్కడున్నాయని అడిగినట్టున్నాడు. "వస్తాయి, వస్తాయి" అని పెట్టేశాడు. ఆ తర్వాత అతను మళ్లీ రాలేదు. మాటల్ని కూలివాళ్ల మెడల్లో ఎలా కట్టాలో అతనికీ తోచి ఉండదు.

కొత్త కంపెనీకి పేరేం పెట్టాలని అక్క అడిగితే, కాగితాల మీద ఏదో ఒకటి రాయమంది మేనకోడలు. అక్క కుట్టు స్కూలు పేరే రాసింది.

ఆస్పత్రిలో కుర్చీలకి బిళ్లలు అంటించాక మొదటి వారమే కంప్యూటరులో వింత కనపడింది. రెండో అంతస్తు కుర్చీలన్నీ ఒకేచోట, నర్సుల గదిలో, ఒక బల్ల సొరుగులో ఉన్నాయి. వెళ్లి సొరుగు తెరిస్తే బిళ్లలన్నీ కుప్పగా పోసి ఉన్నాయి. నర్సులు వాటిని గోళ్లతో పీకి, కుర్చీల్ని యథాప్రకారం దాచుకున్నారు. జనం మీద నాకున్న అభిప్రాయం అక్కడ ఏమీ మారలేదు. స్టోరు మేడమ్ నర్సుల్ని కేకలేసింది. వాళ్లు మాకేం తెలీదన్నారు. మేనకోడలు మాత్రం ఆ సొరుగు చూసి నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. తర్వాత కుర్చీలన్నీ ఒక గదిలోకి తెప్పించి, సీటు కింద గొట్టంలో, ఎవరి గోరూ దూరని చోట, బిళ్లలు దూర్చి స్క్రూలు బిగించడానికి కూర్చుంది. నేను రంధ్రాలు చేస్తున్నాను.

మధ్యాహ్నం బావ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడకి టై. ఎవరూ పిలవలేదు. గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి, "ఏర్పాట్లన్నీ బాగానే జరుగుతున్నట్టున్నాయే" అన్నాడు.

మేనకోడలు నేల మీద వెల్లకిలా పడుకుని ఒక కుర్చీ కిందికి తల దూర్చి ఉంది. తల బయటికి తియ్యలేదు.

"నాన్నా, ఆ చక్రం పట్టుకో. కదలనివ్వకు."

ఆయన కాస్త ఆలోచించాడు. నడవాలో ఎవరూ లేరు. టై భుజం మీదికి వేసుకుని, గొంతుక్కూర్చుని, రెండు చేతులా చక్రం పట్టుకున్నాడు. పట్టుకున్నంతసేపూ గట్టిగానే పట్టుకున్నాడు. అబద్ధమెందుకు.

అంతలో తెల్లకోటు వేసుకున్న పెద్ద డాక్టరొకాయన నడవాలో వెళుతూ లోపలికి తొంగిచూశాడు. బావ చక్రం వదిలేసి లేచి, చొక్కా సర్దుకుని, చెయ్యి చాపుతూ ఎదురెళ్లాడు.

"నమస్కారమండీ. ఈ ఏర్పాటంతా మాదే. ఒకరోజు గడ్డం గీసుకుంటుంటే..."

కుర్చీ పక్కకి జారింది. మేనకోడలు మోకాలు అడ్డం పెట్టి ఆపుకుని, ఇంకో స్క్రూ కోసం నా వైపు చెయ్యి చాపింది.